బాల్కనీలో పది నిమిషాలు

"తాతగారూ, సిగరెట్లు మానేశారు కదా?" అంది డాక్టరమ్మ, ఫైలు తిరగేస్తూ.

"ఏనాడో!" అన్నారు మా ఆయన.

నేను చేతిసంచిలోంచి నోటుబుక్కు తీశాను. "ఆపరేషనై ఇంటికొచ్చి నలభై మూడు రోజులు. రోజూ సాయంత్రం ఆరింటికి బాల్కనీలోకి వెళ్లి తలుపేసుకుంటారు. పది నిమిషాలు. ఒక్క రోజూ నాగా లేదు. ఇదివరకు కాల్చేదీ అక్కడే."

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "రేపు మూత్రాశయంలోకి మందు ఎక్కించాలి తాతగారూ. పొగ మానకపోతే ఆ మందు సరిగ్గా పనిచేయకపోవచ్చు. తీసేసిన క్యాన్సర్ గడ్డ మళ్లీ రావచ్చు. నిజం చెప్పండి."

"ఒట్టు తల్లీ, ఒక్కటీ ముట్టలేదు."

"ఈయన ఒట్లు నేను చాలా చూశాను. పరీక్ష చేయించండి," అన్నాను.

మూత్రం పరీక్షిస్తే పొగాకు జాడ తెలిసిపోతుందట. గంటన్నరకి కాగితం వచ్చింది. మూడుసార్లు చదివాను. జాడ లేదు.

గుండెల మీంచి బరువు దిగింది. అది పైకి కనబడనివ్వకుండా గద్దించాను. "మరి తలుపేసుకుని అక్కడేం వెలగబెడుతున్నట్టు?"

ఆయన డాక్టరమ్మ వైపు వంగి గొంతు తగ్గించారు. "సిగరెట్ మానగలిగాను గానీ, ఆ పది నిమిషాలు మానలేకపోయాను తల్లీ. ఇల్లు మొత్తం మీద నన్నెవరూ లెక్క అడగని చోటు అదొక్కటే."

డాక్టరమ్మ ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నేను ఇంటికొచ్చి బాల్కనీలో కుర్చీ వేశాను. నోటుబుక్కులో నలభై నాలుగో రోజుకి ఎదురుగా రాసుకున్నాను: "పావుగంట. అడగకూడదు."