బదులు పలికిన గోడ

"దొంగ దొరికాడు!" అంటూ వాచ్‌మన్ ఒక మనిషిని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

కూల్చబోయే సర్కారు క్వార్టర్స్ ముందు పాత కాపురస్తులంతా పోగై ఉన్నారు.

వాటి చోట కట్టే కొత్త మేడల్లో ఇల్లు రావాలంటే, ఫలానా మనిషి ఇక్కడ బతికాడని పాతవాళ్ళు సాక్ష్యం చెప్పాలి. ఆ మాట బయటికి పొక్కిన దగ్గర్నుంచీ ఎవరెవరో పుట్టుకొస్తున్నారు. అందరికీ అందరి మీదా అనుమానమే.

పట్టుబడ్డవాడు ఒక కాలు ఈడుస్తున్నాడు. చేతిలో, అడుగున ఇనుప పొన్ను వేసిన కర్ర.

"ఏం చేస్తున్నాడు?" అంది టైలరమ్మ.

"వెనక వరస ఇంట్లో దూరి కర్రతో గోడ కొడుతున్నాడమ్మా. కొట్టడం, చెవి ఆనించి వినడం!"

"గోడలో రాగి తీగ ఎక్కడుందో చూస్తున్నాడు," తేల్చేశాడు ఫ్యూజు మామ. ఎవరింట్లో దీపం ఆరినా వెలిగించింది ఆయనే కాబట్టి ఆయన మాటకి తిరుగులేదు.

"ఆ ఇల్లు మాదేనండీ," అన్నాడా మనిషి.

రెండు వరసలకీ వెనక గోడ ఒకటే అయినా, వెనక వరస వాకిళ్ళు అవతలి వీధిలోకి ఉండేవి. ఆ జనంతో వీళ్ళకి రాకపోకల్లేవు.

"మీదైతే నేనెప్పుడూ చూళ్ళేదేం నిన్ను?" అన్నాడు మామ.

"చిన్నప్పుడు మంచం దిగేవాణ్ణి కాదండీ."

"అబ్బో, మహారాజు! పోనీ నిన్నెరిగినవాళ్ళని ఒక్కర్ని చూపించు."

అతను ఒక్కొక్కరి మొహమే చూశాడు.

"మొహాలు తెలీవండీ... ఆ గోడకి ఇవతలింట్లో ఎవరుండేవారండీ?"

టైలరమ్మకి ఒళ్ళు మండింది. ఆ ఇల్లు తనది.

"ఎందుకు? కూపీ లాగి మా వాటా కొట్టేద్దామనా? నిన్ను నేనెన్నడూ చూళ్ళేదు. నడు ఇక్కణ్ణించి!"

"నిజమేనమ్మా, చూళ్ళేదు," అన్నాడతను. ఇంకేదో అనబోయి, అందరూ నవ్వుతుంటే గేటు వైపు తిరిగాడు.

గేటు బయట ఆటో ఎక్కేదాకా వాచ్‌మన్ అతని వెనకే నడిచాడు.

"ఎలా జారుకున్నాడో చూశావా అమ్మాయ్? దొంగే," అన్నాడు ఫ్యూజు మామ.

కూల్చే యంత్రం వచ్చేలోగా టైలరమ్మ తన పాత గదిలోకి వెళ్ళింది.

"ఈ వెనక గోడలో ఇటుకొకటి పీకిపెట్టు అబ్బాయ్. ఇదిగో, ఈ గుంట పడిందే, ఇది."

"ఇటుకేం చేసుకుంటావమ్మా?" వాచ్‌మన్ నవ్వాడు.

"అమ్మ మిల్లులో రాత్రి షిఫ్టుకి పోయేది. ఒక్కదాన్నే. భయమేసినప్పుడల్లా గరిటె కాడతో ఇక్కడ కొట్టేదాన్ని. నేను మూడు దెబ్బలు కొడితే గోడా మూడు కొట్టేది. అది విన్నాకే కళ్ళు మూతపడేవి. నన్ను పెంచింది సగం ఈ గోడేరా."

వాచ్‌మన్ గునపంతో ఇటుక పెకలించి చేతికిచ్చాడు.

ఆమె తన గుంటని వేలితో తడిమి, ఇటుకని తిప్పి చూసింది: అవతలి ముఖాన, సరిగ్గా అదే చోట, కర్ర పొన్ను పట్టేంత మరో గుంట, అందులో ఇప్పుడే రాలిన ఎర్రటి పొడి.