మధ్య గది

ట్రావెల్ ఆఫీసు బల్ల మీదున్న ఓడ బొమ్మల పుస్తకాన్ని కూతురు బోర్లా తిప్పేసింది.

"నేను రాను."

"మళ్ళీ మొదలెట్టావా?" అంది తల్లి పళ్ళ బిగువున.

ఆ ఇంటికి పెద్దకోడలు ఆమె. ఇంటిల్లిపాదీ మొదటిసారి ఓడ ఎక్కుతున్నారు. ఏ ఓడో తేల్చే పని ఆమె నెత్తిన పడింది. అత్తగారికి కుదుపు ఉండకూడదు. మరిది కొడుకులు, నూనూగు మీసాల కవలలు, జారుడుబల్లలు లేకపోతే ఓడ ఎక్కం అన్నారు. తోడికోడలికి మాత్రం వంట చెయ్యక్కర్లేని ఓడ ఏదైనా సరే.

పద్నాలుగేళ్ళ కూతురికే ఏ ఓడా వద్దు. కిందటి వేసవిలో ఈతకొలనులో మునిగిపోబోయిన దగ్గర్నుంచి, ఆ పిల్ల తలంటుకోవాలన్నా తల్లి పక్కన నిలబడాలి.

తీసుకెళ్తే ఏమవుతుందోనని తల్లికి భయం. వదిలేసి వెళ్తే పిల్ల భయం ఇంకా ముదురుతుందేమోనని మరో భయం.

"ఇది చూడండి మేడమ్" అన్నాడు ఏజెంటు. "పెద్ద ఓడ. కుదుపు తెలీదు. మీ కవలలకి జారుడుబల్లలు కూడా ఉన్నాయి."

"అవన్నీ తర్వాత. వరసగా మూడు గదులు కావాలి. మధ్యదాన్లో మా అత్తగారూ, పిల్లా. అటు మేము, ఇటు మరిది వాళ్ళు. గదికీ గదికీ మధ్య తలుపుండాలి. రాత్రి అది 'అమ్మా' అంటే నాకు వినపడాలి."

ఏజెంటు కంప్యూటర్లో వెతికాడు.

"అటొకటి, ఇటొకటి ఉన్నాయండీ. మధ్యది ఎవరో తీసేసుకున్నారు."

"ఎంతమంది?"

"ఒక్కరే."

"ఒక్క మనిషికి గదంతానా! ఇంకెక్కడైనా సర్దుకోమనండి."

"ఓడ నిండిపోయింది మేడమ్. మిగిలినవి ఈ రెండే."

"పిల్లలున్న వాళ్ళయితే ఇలా అడ్డం పడరు. కన్నవాళ్ళకి తెలుస్తుంది గానీ, ఒంటరి మనుషులకేం తెలుస్తుంది?"

ఏజెంటు ఏదో చెప్పబోయి, మూల కుర్చీ వైపు చూసి ఊరుకున్నాడు.

మూల కుర్చీలో ఒక నెరిసిన జుట్టావిడ ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది. కూతురు ఎప్పుడు వెళ్ళిందో, ఆవిడ పక్కన చేరింది.

"నాకు తెలిసిన ఒక పిల్ల ఉండేదిలే" అంటోంది ఆవిడ. "బకెట్లో నీళ్ళు చూసినా ఏడుపే. చెంబుడు నీళ్ళు పొయ్యాలంటే ఇల్లు పీకి పందిరేసేది."

"ఇప్పుడో?"

"ఇప్పుడా? నీళ్ళ మీదే కాపరం."

"అబద్ధం!"

"నీ మీదొట్టు. కాదులే, నా మీదే వేసుకుంటా."

కూతురు కిలకిలా నవ్వింది.

ఆ నవ్వు వినగానే తల్లి ఉలిక్కిపడింది. ఆ పిల్ల అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. కానీ ఆమెకి సంతోషం కంటే ముందు అనుమానమే వచ్చింది.

"రాత్రిళ్ళు లేచి నీకోసం వెతుక్కుంటుందా అమ్మా?" అని అడిగింది పెద్దావిడ.

"మీకెందుకండీ మా ఇంటి సంగతులు?"

"ఊరికే అడిగాను తల్లీ."

"చిట్టీ, లే! ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఏంటి కబుర్లు?"

పెద్దావిడ సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"ఆ మధ్య గది దొరక్కపోతే మేం వెళ్ళం" అని ఏజెంటుతో తెగేసి చెప్పి, కూతురి రెక్క పట్టుకుని బయటికి నడిచింది తల్లి.

ఇంకా ఇల్లు చేరలేదు, ఫోన్ మోగింది.

"మేడమ్, మధ్య గది ఖాళీ అయింది. మీ పేరున వేసేశాను." ఏజెంటు గొంతు ఎందుకో పొడిగా ఉంది.

"చూశారా? గట్టిగా అడిగితే గానీ పనులు కావు" అంది భర్తతో, ఇంట్లో అడుగుపెడుతూనే.

"నేనూ వస్తాను" అంది కూతురు ఉన్నట్టుండి. "ఆ పిల్ల ఉండగా లేంది, నేను నాలుగు రోజులు ఉండలేనా?"

"ఏ పిల్ల?"

కూతురు అప్పటికే బట్టలు సర్దుకోడానికి లోపలికి పరుగెత్తింది.

ప్రయాణం రోజు పిల్ల మణికట్టు వదలకుండా మెట్లెక్కించింది తల్లి. గదుల మధ్య తలుపులు బార్లా తీయించింది. గడియ తీసీ వేసీ చూసింది. అత్తగారు మంచం మీద వాలి, కుదుపు ఉందా లేదా అని కళ్ళు మూసుకుని పరీక్షిస్తున్నారు. కవలలు అప్పటికే జారుడుబల్లల దగ్గరికి పరుగో పరుగు.

కూత వేసి ఓడ కదిలింది. కూతురు మంచం అంచు గట్టిగా పట్టుకుంది కానీ ఏడవలేదు. తల్లి ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే ఎవరో తలుపు తట్టారు.

తీసేసరికి ఓడ సిబ్బంది బట్టల్లో ఒక అమ్మాయి. చేతిలో తువ్వాళ్ళ దొంతర, మొహం నిండా వెలుగు.

"అమ్మా!" అని, ఆమెను చూసి ఆగిపోయింది. గది నంబరు చూసుకుంది. మళ్ళీ చూసుకుంది.

"ఎవరు కావాలమ్మా?"

"మా అమ్మండీ. ఈ గది తీసుకుంది." ఆ అమ్మాయి లోపలికి తొంగి చూసింది. "ఈ వరస గదులు చూసుకునేది నేనే. అందుకని ఏరికోరి ఇదే కావాలంది. ఒకరినొకరం చూసుకుని రెండేళ్ళు దాటింది. సముద్రం మీద ఫోన్లు అందవు కదా... వస్తుందనే అనుకున్నాను."

తల్లి చెయ్యి తలుపు పిడి మీదే ఉండిపోయింది. కన్నవాళ్ళకి తెలుస్తుంది, అని తన గొంతే తనకి వినిపించింది.

కిటికీలోంచి చూస్తే ఒడ్డు చాలా దూరమైపోయింది.

కూతురు మంచం దిగి, ఊగుతున్న నేల మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. ఆ అమ్మాయి మొహంలోకి తేరిపార చూసింది.

"అక్కా, బకెట్లో నీళ్ళు చూసినా ఏడ్చే పిల్లవి నువ్వేనా?"