పొద్దుటి చుక్క

ఇంటింటికీ డి విటమిన్ చుక్కలు రావడం మొదలయ్యాక ఆ ఊళ్లో ఎండలోకి వెళ్లాల్సిన పని ఎవరికీ లేకపోయింది. ఆ రోజు పొద్దున్నే భర్త నాలుక మీద చుక్క వేయబోయిన సుభద్రకి ఆయన ఒళ్లు చల్లగా తగిలింది. ఒంట్లో విటమిన్ ఎంతుందో చెప్పే గోడ మీది తెర మాత్రం రోజూలాగే "డి నిండుగా ఉంది" అంది.

గుండె ఆగిందని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు.

"ఇరవై ఏళ్లలో బాబాయిగారు ఒక్క చుక్కైనా మానలేదు కదా పిన్నీ!" అంది పక్కింటి మాణిక్యం.

"మానలేదమ్మా. నడకే మానేశారు. చుక్కలుండగా గుండెకేం కాదనేవారు," అంది సుభద్ర, చేతిలోని సీసాకి మూత బిగిస్తూ.

మధ్యాహ్నం ఆయన్ని వీధిలోకి తెచ్చి పాడె మీద పడుకోబెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన ముఖం మీద ఎండ పడింది. సుభద్ర కొంగు అడ్డం పట్టబోయి, చెయ్యి దించేసింది.