పదో వాక్యం

"పచ్చ లైటు వెలగలేదు సార్. ఇంకోసారి," అంది స్పీచ్ థెరపిస్టు.

కండక్టరు ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. "ముందుకు జరగండి, ముందుకు జరగండి," అన్నాడు. గొంతు గట్టిగా పలికితేనే వెలిగే పచ్చ లైటు, బల్ల మీది చిన్న పెట్టెలో వెలిగింది.

రిటైరయ్యేదాకా కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి డ్రైవరుకు వినిపించిన గొంతు అది. పార్కిన్సన్స్ జబ్బు ముందు ఆ గొంతునే మింగేసింది, చేతుల వణుకు తర్వాత వచ్చింది. నెల రోజుల సాధనకు ఇప్పుడిప్పుడే మళ్లీ పైకి లేస్తోంది.

పక్క కుర్చీలో భార్య చప్పట్లు కొట్టింది. కొట్టిందే గానీ ఆ గొంతు తిరిగొస్తుంటే ఆవిడకు భయంగానే ఉంది.

"రోజూ వాడే పది వాక్యాలు రాసుకు రమ్మన్నాను కదమ్మా. తొమ్మిది అయ్యాయి," అంది థెరపిస్టు. "పదోది ఇక్కడ చెప్పరట. ఇంట్లో మీకే చెబుతారట."

"ఏముంది అందులో?"

"రోజూ మీతో అనే మాటేనట. మీకు తెలిసే ఉంటుందిగా?"

"ఆఁ, తెలుసు."

ఈ మధ్య అబద్ధం ఆవిడ నోటికి తడుముకోకుండా వస్తోంది. ఆ కాగితాన్ని రాత్రే దొంగచాటుగా చూసింది. జబ్బుతో ఆయన అక్షరాలు చీమలంత అయిపోయాయి. కుట్టుపని కళ్లజోడు పెట్టుకున్నా ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. సాయంత్రం మిషన్ ఆపగానే ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. గొంతు తగ్గిన కొత్తలో, "ఏంటండీ, మళ్లీ చెప్పండి," అని అడిగేది. మూడోసారి చెప్పేసరికి ఆయన మెడ నరాలు ఉబ్బేవి. చూడలేక ఒకరోజు వినపడకుండానే "ఊఁ" కొట్టింది. ఆయన ముఖం తేటపడింది. అలా మొదట జాలితో కొట్టిన ఊఁ, నిజం చెప్పాలంటే, తర్వాత తర్వాత ఓపిక లేక కొట్టిన ఊఁ అయింది.

అదే ఓసారి కొంప ముంచింది. ఆయన ఏదో చెప్పాడు, ఆవిడ ఊఁ అంటూ సూదిలో దారం ఎక్కించుకుంది. మూడో రోజుకు ఆయన ఒళ్లు కొయ్యబారిపోయి స్నానాలగదిలో పడిపోయాడు. ఆ సాయంత్రం ఆయన చేతిలో మాత్రల ఖాళీ డబ్బా ఎందుకుందో ఆవిడకు అప్పుడు తెలిసింది.

"మాత్రలు అయిపోతే ముందే చెప్పాలి కదండీ?" అన్నాడు డాక్టరు.

"ఈయన నాకు చెప్పలేదండీ," అనేసింది ఆవిడ, మొగుడి ఎదురుగానే.

ఆయన పెదవులు కదిలాయి. గదిలో ఎవరికీ ఏమీ వినపడలేదు.

గొంతు లేని మనిషి మీద తన తప్పు తోసేసిందన్న బాధ అప్పటి నుంచి ఆవిడను తినేస్తోంది. మాత్రలు ఇప్పుడు తనే చూసుకుంటోంది. ఊఁ కొట్టడం మాత్రం మానలేకపోయింది. ఏమన్నారని అడిగితే, ఇన్నాళ్లూ విన్నది లేదని ఒప్పుకున్నట్టేగా. ఆయనేమో ఆ రోజు నుంచి కబుర్లు మొదలుపెట్టే ముందు ప్రతి సాయంత్రం ఒకే వాక్యం అంటున్నాడు. పెదవుల కదలిక చూస్తే అదేనని తెలుస్తోంది. ఆవిడ ఊఁ అంటుంది. ఆయన ఆవిడ చేతి మీద ఓసారి తడతాడు.

'నేను చెప్పాను కదా' అనే అయ్యుంటుంది. ఇంకేముంటుంది?

ఇంటికొచ్చాక దారం అయిపోయినా ఆవిడ మిషన్ తొక్కుతూనే ఉంది. స్టూలు జరిగిన చప్పుడైంది. ఇక తప్పదని కాలు ఆపింది. తనిఖీలో దొరికిపోయిన టికెట్ లేని మనిషిలా తల దించుకుంది.

"ఏవండీ, మీరు చెప్పకముందే నేనో మాట చెప్పాలి. మాత్రల సంగతి మీరు చెప్పారు. నాకే వినపడలేదు. వినపడకుండానే ఊఁ అన్నాను. డాక్టరు దగ్గర అబద్ధం ఆడాను. అదొక్కటే కాదు, చాలా రోజులుగా మీ మాటలేవీ..."

ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"పదోది," అన్నాడు.

"చెప్పండి. ఎంత గట్టిగా తిట్టినా పడతాను."

ఆయన నిటారుగా కూర్చున్నాడు. ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. రోజూ కదిలినట్టే పెదవులు కదిలాయి, ఈసారి మాట వీధి గుమ్మం దాకా వినపడింది.

"నీకు వినపడకపోయినా పర్లేదు, ఊఁ కొడుతూ ఉండు."