కొండెక్కిన చుక్క

ఊళ్లో ఇంటికొక మరుగుజ్జు గెలాక్సీని కాపలాకిచ్చారు. కృష్ణబిలం నక్షత్రాన్ని చీల్చేటప్పుడు వెలుగు పెరిగితే చెప్పాలి; ఊరికున్న ఒక్క టెలిస్కోపూ అటు తిరుగుతుంది.

వంటింటి తెరమీద చుక్కలా కనిపించే తన గెలాక్సీ ఆరిపోగానే వకుళ, "కొండెక్కింది," అంది.

"పైకెక్కుతోందా? తిప్పుతున్నాను," అంది టెలిస్కోపును నడిపే యంత్రం.

పక్కింటి రత్తమ్మ కేకపెట్టింది. "నా చుక్క ఇప్పుడే భగ్గుమందే! టెలిస్కోపు లాక్కున్నదెవరే? మళ్లీ దొరుకుతుందా ఇది?"

వకుళ యంత్రం వైపు తిరిగింది. "కాదు, కొండెక్కింది!"

"ఇంకా ఎక్కుతోందా? సరే."

ఎదురుగా దేవుడి దీపం వెలుగుతుండగా ఆ చెడ్డమాట ఆమె నోట రాలేదు. అత్తగారే దీపానికి చెయ్యి అడ్డుపెట్టి, "ఆరిపోయిందయ్యా, ఆరిపోయింది!" అని అరిచారు.

టెలిస్కోపు మెల్లగా రత్తమ్మ చుక్క వైపు కదిలింది. అప్పటికే గోడవతల రత్తమ్మ, "నాదీ కొండెక్కిందే," అంటోంది.