తేలికైన కాలు

ల్యాబులో యూనిస్ గిరగిరా తిరిగే ఉక్కు కడ్డీని మెగ్నీషియం పలకలోకి దించింది. రాపిడి వేడికి లోహం కరగకుండానే మెత్తబడి, కలియతిరిగి, చల్లారాక మరింత గట్టిపడింది. దాంతో తేలికైన కృత్రిమ కాలు చేయించి, ట్రయల్‌ కోసమని మోకాలి కింద ఒక కాలు లేని తండ్రి సాలమన్‌కు తొడిగింది.

"జర మెల్లగ, డాడీ. నొప్పైతే చెప్పు."

"మస్తున్నది బిడ్డా!" అంటూ పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఆగకుండా నడిచాడాయన. ఆమె వెనకే పరుగెత్తింది.

మెట్రో మెట్ల మీద కూలబడ్డాడు. కాలు విప్పి చూస్తే మోకాలి కింద చర్మం కందిపోయి ఉంది.

"గింత ఒరుసుకుంటే చెప్పవెందుకు?"

"చెప్తే ట్రయల్ ఫెయిలైందని వాపసు తీసుకపోతవని..."

యూనిస్ పకపకా నవ్వేసింది.

"లోహం పాసైంది. ఒరుసుకునే లోపలి తొడుగు రేపే మారుస్త. వాపసేంది డాడీ? నేను గీ చదువుల చేరిందే నీ కాలు కోసం!"