మన ప్రాంతపు వీరుడు

"ఈయన వద్దమ్మా. ఇంకెవరినైనా ఎంచుకో."

ఆ మాట అన్నది లెక్చరర్ విజయదుర్గ కాదు. సోఫాలో పేపరు చదువుకుంటున్న ఆమె తండ్రి జోగారావు.

సంతోషి బిత్తరపోయింది. డిగ్రీ ప్రాజెక్టుకు తమ ప్రాంతపు చారిత్రక వ్యక్తిని ఎంచుకోవాలి. పేరు ఖాయం చేయించుకుందామని ఆదివారం పొద్దున్నే ఎల్బీ నగర్ నుంచి చైతన్యపురిలోని మేడమ్ ఫ్లాటుకు వచ్చింది.

"మీరు ఊరుకోండి నాన్నా. తెనాలి నుంచి వచ్చి ఏడాది కాలేదు, ఇక్కడి చరిత్ర మీకేం తెలుసు?" విజయదుర్గ నవ్వింది. "నువ్వు చెప్పు సంతోషీ. ఎవరీ దశరథ?"

"మా బస్తీ ఆయన పేరు మీదనే ఉన్నది మేడమ్. నల్గొండ నుంచి ఒచ్చిన క్వారీ కూలీలకు ఇండ్ల జాగలిప్పిచ్చిండు. కంట్రాక్టరుకు ఎదురు తిరిగిండు. ఎనభై మూడుల చంపి క్వారీ నీళ్ళల్ల పడేసిన్రు. పీనుగ గూడ దొరకలే, నెత్తురంటిన అంగి ఒక్కటే దొరికింది. చౌరస్తాల విగ్రహం గూడ పెట్టిన్రు."

"మంచి సబ్జెక్టే."

జోగారావు పేపరు పక్కన పడేశాడు. "చచ్చినవాడి జోలి ఎందుకు? స్వాతంత్ర్య యోధులున్నారు, చెరువులు తవ్వించినవాళ్ళున్నారు. వాళ్ళ గురించి రాసుకోవచ్చుగా!"

తండ్రి గొంతు అంత పైకి లేవడం విజయదుర్గ ఎప్పుడూ వినలేదు.

"నాకు ఆయనే కావాలె తాతా," అంది సంతోషి. "ఆయన్ని చంపిండని జైల్లేసింది మా తాత లచ్చయ్యనే. కంట్రాక్టరు దగ్గర వాచ్‌మెన్ పని చేసేటోడు. నేను చంపలే, నేను చంపలే అనుకుంటనే జైల్ల పానం ఇడిచిండు. మా నాయనను బడిల ఎవ్వరు పక్కన కూసోనియ్యలే. గిప్పటికీ మమ్మల్ని ఖూనీకోరు ఇంటోళ్ళనే అంటరు. అసలేమైందో నాకు తెల్వాలె."

"లచ్చయ్య చంపలేదు," అన్నాడు జోగారావు.

అనేశాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు.

విజయదుర్గ మెల్లగా తండ్రి వైపు తిరిగింది. "మీకెలా తెలుసు?"

జోగారావు పక్కన పడేసిన పేపరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎనభై మూడులో మీరెక్కడున్నారు నాన్నా?"

"తెనాలిలో."

"అమ్మను చేసుకోకముందు లారీల మీద తిరిగేవాణ్ణని చెప్పారుగా. ఏ ఊళ్ళు తిరిగారు?"

"గుర్తు లేదు."

సంతోషి లేచి నిలబడింది. "ఎవరు చంపిన్రు తాతా? మీరు చూసిన్రా?"

విజయదుర్గ నోటి దాకా వచ్చి ఆగిపోయిన ప్రశ్న అది కాదు. తండ్రి చేతుల వంక చూసింది.

"దశరథ భార్యను తోలుకొచ్చిన మేడమ్. అండాలమ్మవ్వ. మమ్మల్ని ఖూనీకోరు ఇంటోళ్ళని అననిది ఆమె ఒక్కతే. ఆయన సంగతులు మీకు చెప్తదని. కింద ఆటోల కూసున్నది." సంతోషి అప్పటికే ఫోను చెవికి ఆనించింది. "అవ్వా, లిఫ్టుల పైకి రా. నాలుగో అంతస్తు. జల్ది."

జోగారావు గబగబా లోపలి గది వైపు నడిచాడు. విజయదుర్గ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"తప్పుకో దుర్గా."

"తప్పుకోను. ఆవిడ ముఖం చూసి చెప్పండి, మీరు ఏ పాపం ఎరగరని."

"నువ్వు తట్టుకోలేవమ్మా."

"చెప్పండి నాన్నా!"

లిఫ్టు తలుపు చప్పుడైంది. అండాలమ్మ ద్వారబంధం పట్టుకుని లోపలికి వచ్చింది. నెరిసిన జుట్టు, బొట్టు లేని నుదురు. ఆయాసపడుతోంది.

"అవ్వా, గీ తాతకు అంతా ఎరుకనట. మా తాత చంపలేదంటుండు. అడుగు," అంది సంతోషి ఏడుపు గొంతుతో.

జోగారావు గోడకు ఆనుకుని తల దించుకున్నాడు. అండాలమ్మ దగ్గరికి వచ్చింది. ఆయన గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. చాలాసేపు చూసింది.

బతుకంతా పెనిమిటి పేరు ఒక్కసారైనా పలకని అండాలమ్మ, ఆయన కళ్ళలోకి చూస్తూ, "దశరథా!" అంది.